ఐసు మీద నాన్న తప్పిన లెక్క

ఈసారి సైన్సు కబురు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మా ఇంట్లోనే దొరికింది. కాస్త నా పరువు పోయే సంగతే అయినా చెప్పక తప్పదు.

మా అమ్మాయి అయిదో తరగతి. కిందటి చలికాలం స్కేటింగ్ రింకుకి తీసుకెళ్తే, "నాన్నా, ఐసు మీద ఇంత బాగా జారుతున్నాను కదా, మన వంటింటి గచ్చు మీద ఎందుకు జారను?" అని అడిగింది. ఇంటర్మీడియట్ చదువు ఇన్నాళ్లకు పనికొచ్చిందని పొంగిపోయాను. "నీ బరువంతా సన్నటి బ్లేడు మీద పడుతుందమ్మా. ఆ పీడనానికి ఐసు కరుగుతుంది. ఆ నీటి పొర మీద నువ్వు జారుతున్నావు" అన్నాను. అది నమ్మింది. సైన్స్ ఫెయిర్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేసింది కూడా. వాళ్ల టీచరుగారు చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారట: "పీడనం వల్ల ఎన్ని డిగ్రీల తేడా వస్తుంది? లెక్క చూశావా?"

ఆ రాత్రి భోజనాలయ్యాక తండ్రీ కూతుళ్లం కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం.

ముందు సూత్రం. స్ఫటిక పదార్థాల్లో అణువులు వరస తప్పకుండా, బడి ప్రార్థనలో నిలబడ్డ పిల్లల్లా ఉంటాయి. వేడి ఎక్కువైతే వరస చెదురుతుంది. అదే కరగడం. చాలా పదార్థాలు కరిగినప్పుడు కాస్త ఉబ్బుతాయి. పైనుంచి గట్టిగా నొక్కితే ఉబ్బడానికి చోటు ఉండదు కనుక, వాటిని కరిగించడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. పీడనం ఎప్పుడూ తక్కువ చోటు పట్టే రూపం వైపే మొగ్గుతుందన్నమాట.

నీళ్ల తీరు వేరు. ఐసులో అణువులు మధ్య మధ్య ఖాళీలు వదిలి అమరుతాయి. అందుకే ఐసు నీళ్ల మీద తేలుతుంది. కరిగితే చోటు తగ్గుతుంది. కాబట్టి ఐసును నొక్కితే అది నీరు కావడానికే మొగ్గు చూపుతుంది. ఈ సంగతి 1849లో జేమ్స్ థామ్సన్ కాగితం మీద లెక్క కట్టి చెప్పాడు. మరుసటి ఏడాది ఆయన తమ్ముడు విలియం ప్రయోగం చేసి నిజమేనని చూపించాడు. తరవాత లార్డ్ కెల్విన్ అని పేరుపొందింది ఈ తమ్ముడే. ఒక వాతావరణ పీడనం పెరిగితే ఐసు కరిగే ఉష్ణోగ్రత తగ్గేది సుమారు 0.0075 సెల్సియస్ డిగ్రీలు మాత్రమే.

ఇక మా లెక్క. అమ్మాయి బరువు 30 కిలోలు. బ్లేడు ఐసును తాకే చోటు 3 మిల్లీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు అనుకున్నాం. అంటే 3 చదరపు సెంటీమీటర్లు. ఒంటికాలి మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు, అంటే దాదాపు 10 వాతావరణ పీడనాలు. కరిగే ఉష్ణోగ్రత తగ్గేది 0.075 డిగ్రీలు! రింకులో ఐసు సుమారు మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని పీడనంతోనే కరిగించాలంటే 670 వాతావరణ పీడనాలు కావాలి. అంటే మా అమ్మాయి రెండు వేల కిలోలు తూగాలి! "నాన్నా, నేను మినీవ్యాన్‌నా?" అని అది పడీ పడీ నవ్వింది. బ్లేడు అంచు మాత్రమే ఆనుతుందనుకుని, తాకే చోటును పదో వంతు చేసి చూసినా ఒక డిగ్రీ కూడా రాలేదు. పైగా మామూలు బూట్లతో నడిచినా ఐసు మీద జారిపడుతూనే ఉన్నాం కదా!

మరి అసలు కారణం? ఐసు పైవరసలో అణువులకు పైనుంచి పట్టుకునే తోడు ఉండదు. అందుకని సున్నా డిగ్రీల కంటే కింద కూడా అవి వదులుగా, అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. ఐసు మీద సన్నటి ద్రవపు పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ఊహించాడు. దానికి తోడు, బ్లేడు రాపిడి వేడి కూడా ఐసును కాస్త కరిగిస్తుంది.

అయితే పాత పాఠం అబద్ధమా? కాదు. సున్నాకు దగ్గరగా ఉన్న ఐసు విషయంలో అది పనిచేస్తుంది. మీరే చూడండి. పెద్ద ఐసు దిమ్మను రెండు కుర్చీల మధ్య పలక మీద పెట్టి, సన్నటి రాగి తీగ దాని మీదుగా వేసి, రెండు చివరలా నీళ్ల సీసాలు వేలాడదీయండి. తీగ మెల్లగా దిమ్మలోకి దిగుతుంది. తీగ కింద కరిగిన నీరు పైకి చేరగానే మళ్లీ గడ్డ కడుతుంది. తీగ బయటికొచ్చినా దిమ్మ రెండు ముక్కలు కాదు! (సీసాలు కాళ్ల మీద పడకుండా అమ్మానాన్నల్ని పక్కన ఉంచుకోండి.) మన ఊళ్లో బండివాడు గీసిన ఐసును గుప్పిట్లో నొక్కి, పుల్లకు పట్టించి, రంగునీళ్లు పోసి ఇచ్చే గోలాలో కూడా ఇదే కిటుకు కొంత ఉంది.

ఇంకా పెద్ద లెక్కలు కావాలా? అంటార్కిటికాలో వోస్టాక్ సరస్సు దాదాపు 3,700 మీటర్ల మంచు కింద ఉంది. పైన 1983లో మైనస్ 89.2 డిగ్రీల చలి నమోదైంది. కింద మాత్రం మైనస్ 3 దగ్గర కూడా నీరు నీరుగానే ఉంది. అక్కడి దాకా వెచ్చదనం ఇచ్చేది భూమి లోపలి వేడి, దుప్పటిలా కప్పేది మంచు. ఆ చివరి మూడు డిగ్రీల రాయితీ మాత్రం 350 వాతావరణ పీడనాలది. భూగర్భంలో కథ తలకిందులు. ఇక్కడ 1,538 డిగ్రీలకు కరిగే ఇనుము, భూమి నట్టనడుమ అయిదు వేల డిగ్రీల వేడిలోనూ 30 లక్షలకు పైగా వాతావరణ పీడనాల వల్ల గట్టిగానే ఉంది. ఆ గట్టి ముద్ద ఉందని భూకంప తరంగాలను బట్టి 1936లో కనిపెట్టినది ఇంగే లేమాన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త.

మా అమ్మాయి బోర్డు మీద పాత వాక్యాన్ని చెరపలేదు. దాని మీద ఒక గీత గీసి, కింద మా లెక్క అంతా రాసి, "మా నాన్న ఇలా చెప్పారు. మేమిద్దరం కలిసి సరిచూశాం" అని పెట్టింది. బహుమతి రాలేదు. కానీ ఆ రోజు నుంచి నేను ఏం చెప్పినా "ఎంత నాన్నా?" అని అడుగుతోంది. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి!

ఇక మీకో ప్రశ్న. అమ్మ ప్రెషర్ కుక్కర్‌లో పీడనం పెరిగితే నీళ్లు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఐసు కరిగే ఉష్ణోగ్రత మాత్రం తగ్గుతుంది. రెండింటికీ సూత్రం ఒకటే. ఎలా? ఏది ఎక్కువ చోటు పడుతుందో ఆలోచించండి. జవాబు వచ్చే సంచికలో. అంతవరకూ సెలవు!