మారామని ఎవరికి రుజువు చెయ్యాలి?

ఏళ్ల తరబడి జైల్లో వుండి బయటికొచ్చిన స్త్రీ గురించి రాయాల్సివస్తే మన పత్రికలకీ, ఆ మాటకొస్తే మన సంఘాలకీ, ఒకే కథ అలవాటైపోయింది. తప్పు చేసింది, లోపలికెళ్లింది, పశ్చాత్తాపపడింది, చదువో కుట్టుపనో నేర్చుకుంది, కొత్తమనిషై తిరిగొచ్చింది. నేనూ ఇలాంటివి రాశాను. ఇప్పుడు ఆ కథ మీదే నాకు అనుమానం కలుగుతోంది.

నళిని సంగతే చూద్దాం. రాజీవ్‌గాంధీ హత్యకేసులో 1991 జూన్‌లో అరెస్టయ్యేనాటికి ఆమె మద్రాసులో ఉద్యోగం చేసుకుంటున్న యువతి, గర్భవతి. మరుసటి ఏడాది ఖైదులో వుండగానే కూతురు పుట్టింది. 1998లో టాడా కోర్టు నిందితులు 26 మందికీ ఉరిశిక్ష వేస్తే, 1999లో సుప్రీంకోర్టు నలుగురికి దాన్ని ఖాయం చేసింది. అందులో నళిని ఒకరు. 2000లో ఆమె శిక్ష యావజ్జీవానికి తగ్గింది. దానికి చెప్పిన ముఖ్యకారణం ఆమెకో చిన్నబిడ్డ వుండటం. ఆ బిడ్డ తండ్రి మురుగన్ మాత్రం 2014 దాకా ఉరితాడు కిందే బతికాడు.

31 ఏళ్ల తర్వాత 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆమెనూ, మిగిలిన ఐదుగురినీ విడుదల చేసింది. ఆ ఉత్తర్వులో వాళ్ల సత్ప్రవర్తననీ, జైల్లో చదివిన చదువులనీ లెక్కలోకి తీసుకుంది. నళిని అక్కడే కంప్యూటర్ చదువు చదివింది. అంటే మొదటిసారి ప్రాణం దక్కింది తల్లి అయినందుకు, రెండోసారి స్వేచ్ఛ దక్కడానికి తోడ్పడింది బుద్ధిగా చదువుకోవడం. రెండుసార్లూ రాజ్యానికి ఒక 'మంచి ఆడది' కనపడాల్సి వచ్చింది. పిల్లల్లేని స్త్రీ అయివుంటే? వేలిముద్ర వేసే స్త్రీ అయివుంటే?

ఆ హత్యలో చనిపోయినవాళ్ల కుటుంబాల దుఃఖాన్ని నేను పక్కన పెట్టడంలేదు. నా ప్రశ్న శిక్ష గురించి కాదు, మార్పుకి మనం పెట్టుకున్న కొలబద్ద గురించి. నన్నడిగితే నళినిలో వచ్చిన మార్పు సర్టిఫికెట్లో కాదు, 2019 జూలైలో కనపడింది. కూతురి పెళ్లి కోసం ఆరునెలలు పెరోల్ కావాలని మద్రాసు హైకోర్టులో తన కేసు తానే వాదించుకుంది. ఇచ్చింది నెలరోజులే. అయినా అన్నేళ్లుగా తన గురించి వకీళ్లు, నాయకులు, పత్రికలవాళ్లు మాట్లాడుతుంటే, ఆరోజు తనే నిలబడి మాట్లాడింది.

ఒక మహిళాజైలులో యావజ్జీవశిక్ష అనుభవించిన ఒకావిడ నాకు తెలుసు. భర్త చేతిలో ఇరవయ్యేళ్లు దెబ్బలు తిని ఒక రాత్రి తిరగబడింది. నలభై ఏళ్ల వయసులో అక్షరాలు నేర్చుకుని బ్యారక్‌లో అందరికీ వుత్తరాలు, అర్జీలు రాసిపెట్టేది. నేర్పింది జైలు కాదు, పక్క దుప్పటి మీద పడుకునే ఇంకో ఖైదీ. "జైలు మిమ్మల్ని ఎలా మార్చింది?" అని నా ప్రశ్నాపత్రం పట్టుకుని అడిగాను (ఆ ప్రశ్న రాయడానికి నాకు రెండ్రోజులు పట్టింది!). "లోపలికి పోకముందు నేను చెడ్డదాన్నని మీకెవరు చెప్పారమ్మా?" అందామె. ఆ తర్వాతి ప్రశ్నలేవీ నేను అడగలేకపోయాను.

2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదేళ్లు శిక్ష పూర్తయిన యావజ్జీవ ఖైదీ స్త్రీలను 50 మందికి పైగా విడుదల చేసింది. మంచి నిర్ణయం, హర్షించాల్సిందే. అక్కడా షరతు సత్ప్రవర్తనే. బయటికొచ్చాక పూచీకత్తు, పోలీసుస్టేషన్‌లో హాజరు. రేషన్‌కార్డు ఎవరి పేరున వుంది, ఇల్లు ఎవరి స్వాధీనంలో వుంది, పిల్లలు గుర్తుపడతారా లేదా అన్నవి ఏ ఉత్తర్వులోనూ వుండవు. మగఖైదీ కోసం ఇంట్లో భార్యో తల్లో ఎదురుచూస్తుంది. ఆడఖైదీకి చాలాసార్లు ఆ ఇల్లే వుండదు. నళిని విషయంలో ఇంకో రకంగా జరిగింది. ఆమె విడుదలైనా శ్రీలంక పౌరుడైన మురుగన్‌ని తిరుచ్చి ప్రత్యేక శిబిరంలో వుంచి, 2024 ఏప్రిల్‌లో శ్రీలంకకి పంపేశారు. దీన్ని విడుదల అని మనం ఏ అర్థంలో అంటున్నాం?

కాబట్టి జైలు సంస్కరణల గురించి ఈసారి వినతిపత్రం రాసేటప్పుడు 'పరివర్తన చెందిన స్త్రీలకు' అన్న మాట కొట్టేద్దామని నా ప్రతిపాదన. మారడం, మారకపోవడం ఆమె సొంత విషయం. ఇల్లు, పని, పిల్లల్ని చూసుకునే హక్కు మారినందుకిచ్చే బహుమానాలు కావు. ఇలా రాస్తే అధికారులు వినరని మనలోనే కొందరంటారు. 'మంచి ఆడది' అని రాసి ఇన్నాళ్లూ ఏం సాధించామో వాళ్లు చెప్పాలి.

అన్నట్టు, నా ప్రశ్నాపత్రాన్ని ఆపేసిన ఆవిడ ఇప్పుడు ఒక హాస్టల్లో వంట చేస్తోంది. సెలవు దొరికినరోజు బస్సెక్కి పాత జైలు దగ్గరికి వెళ్తుంది. ఏళ్లుగా ఎవరూ చూడటానికి రాని నలుగురు లోపలున్నారు, వాళ్ల అర్జీలు ఆమె దగ్గరే సగం రాసి ఆగిపోయాయి. బంధువు కాదని ములాఖత్ ఇవ్వలేదు. ఆమె మళ్లీ దరఖాస్తు రాసింది. కింద మా సంఘం తరఫున నేను సంతకం పెట్టాను. బంధుత్వం అన్నచోట ఏం రాయమంటారని అడిగితే, "తోటి ఖైదీ అని రాయండి" అంది.