పంపు మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు

భారీ డీజిల్ లారీ ఇంజనుకు ఇంధన పంపు మార్చుట జాబ్ కార్డు మీద ఒక్క వాక్యముతో ముగిసే పని. "ఎఫ్.ఐ.పి. మార్చబడినది" అని వ్రాసి సంతకము చేస్తే కాగితము తృప్తి పడుతుంది. ఇంజను మాత్రము కాగితములను చదవదు. పాత పంపు ఎందుకు చెడినదో విచారించకుండ, చాలినంత వ్యవధి ఇవ్వకుండ, తగిన పరికరములు సమకూర్చకుండ మార్చిన పంపు కొద్ది దినములకే తిరిగి చెడుతుంది. అప్పుడు నేరము ఎవరిది? పై అధికారుల దృష్టిలో అది చివరిసారి స్పానర్ పట్టినవానిది. సంజాయిషీ కోరుతూ మెమో అతనికే వస్తుంది.

ఈ విషయము మన పాఠకులకు పరాయిది కాదు. రైలు దిగిన టపా సంచులను తపాలా కార్యాలయములకు చేర్చేది మెయిల్ మోటార్ సర్వీసు బండ్లు. వాటిని నడిపేవారు, మరమ్మతు చేసేవారు మన సోదరులే. రైలు మార్గమును సరిచేసే ట్రాక్ మెషిన్లు డీజిల్ ఇంజన్లతో పని చేస్తున్నవి. రైల్వే డీజిల్ షెడ్లలో ఇంధన పంపులతోనే జీవితమంతా గడిపిన కార్మికులు వేలాదిగా వున్నారు. కనుక ఈ పని ఎంత సున్నితమైనదో, దానికి ఏమేమి అవసరమో వివరముగా చెప్పుట మా బాధ్యత అని భావిస్తున్నాము.

మొదట పంపు గొప్పతనమును గుర్తించుదాము. 1897లో రుడాల్ఫ్ డీజిల్ విజయవంతముగా నడిపి చూపిన ఇంజనులో ఇంధనమును లోనికి చిమ్ముటకు అధిక పీడనములో వున్న గాలిని వాడినారు. అందుకు ప్రత్యేకముగా ఒక కంప్రెసర్ కావలసి వచ్చేది. అంతటి సరంజామా లారీ మీదికి ఎక్కదు. జర్మనీలోని బాష్ సంస్థ 1927లో ఇన్‌లైన్ ఇంజక్షన్ పంపును విరివిగా తయారు చేయుట మొదలుపెట్టిన తరువాతనే డీజిల్ లారీ లోకమంతటా వ్యాపించినది. మన దేశములో 1951లో బెంగుళూరు కేంద్రముగా మైకో ఏర్పడినది. 2008లో ఆ సంస్థ పేరు బాష్‌గా మారినప్పటికీ పాతతరము మెకానిక్కులు నేటికీ "మైకో పంపు" అనే అంటారు.

ఆరు సిలిండర్ల లారీ ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరిగినప్పుడు ఒక్కొక్క సిలిండరుకు నిమిషమునకు 1000 సార్లు డీజిల్ అందవలెను. మొత్తము 6000 సార్లు. గంటకు 3,60,000 సార్లు. ప్రతిసారి కొలత తప్పరాదు, క్షణము తప్పరాదు. ఇంత పని చేసే ప్లంజరుకు, దాని బారెల్‌కు నడుమ వుండే ఎడము మిల్లీమీటరులో వెయ్యవ వంతుల లెక్కలో వుంటుంది. మన తల వెంట్రుక కూడ దాని ముందు దూలము వంటిదే. అట్టి చోటికి ఒక ఇసుక రేణువు, కాటన్ వేస్ట్ నుండి ఊడిన ఒక నూలు పోగు చేరితే చాలు, వేల రూపాయల పంపు పాడైపోతుంది.

అందుచేత ఈ పనిలో మొదటి మెట్టు స్పానర్ కాదు, విచారణ. బండి బలము తగ్గినా, పొగ చిమ్మినా, స్టార్టు కాకున్నా వెంటనే పంపును దోషిగా నిలబెట్టుట అలవాటైపోయినది. ట్యాంకులో చెత్త చేరినదా? ఫిల్టర్ మూసుకొన్నదా? ఫీడ్ పంపు పని చేస్తున్నదా? ఏదైనా జాయింటు గుండా గాలి చొరబడుతున్నదా? నాజిళ్ళు సరిగా చిమ్ముతున్నవా? ఇవన్నీ చూచిన తరువాతనే పంపు వంతు రావలెను. తక్కువ ఖర్చుతో పోయే ఫిల్టర్ లోపమునకు పంపునే మార్చిన సందర్భములు ఎన్నో వున్నవి.

పంపే చెడినదని తేలినప్పుడు చేయవలసిన పని ఇది. చక్రములకు అడ్డు వేసి, బ్యాటరీ తీగ విప్పి, ఇంజను పైభాగమును శుభ్రముగా కడిగి ఆరబెట్టవలెను. మొదటి సిలిండరును కంప్రెషన్ పైకొసకు తెచ్చి, ఫ్లైవీలు మీది గుర్తును కంపెనీ చెప్పిన డిగ్రీల వద్ద నిలిపి, పంపు కప్లింగు మీది గీతను సరిచూచుకొనవలెను. గొట్టములు విప్పిన మరుక్షణమే ప్రతి నోటికీ మూత వేయవలెను. ఇన్‌లైన్ పంపు ఒక్క చేతితో ఎత్తే వస్తువు కాదు, మరొకరి సాయము తప్పనిసరి. క్రొత్త పంపు నంబరు, తిరిగే దిశ, గవర్నరు రకము ఆ ఇంజనుకు చెందినవేనా అని చూడవలెను. నూనె పోయవలసిన పంపులో నూనె పోయక నడిపితే అది మొదటి గంటలోనే అరిగిపోవచ్చును.

బిగించిన తరువాత టైమింగ్ పరీక్ష. మొదటి డెలివరీ వాల్వును తీసి, హంస మెడ వలె వంచిన సన్నని గొట్టమును అమర్చి, ఇంజనును దాని దిశలోనే మెల్లగా త్రిప్పుతూ వుంటే ధారగా వచ్చే డీజిల్ చుక్కలుగా మారి ఆగిపోతుంది. అదే ఇంజక్షన్ ప్రారంభమయ్యే క్షణము. మన మెకానిక్కులు దీనిని స్పిల్ టైమింగ్ అంటారు. కొద్ది డిగ్రీలు ముందైతే ఇంజను కొట్టుకొంటుంది. వెనుకైతే వేడెక్కి, పొగ చిమ్మి, డీజిల్ త్రాగుతుంది. ఆపై చేతి పంపుతో ప్రైమింగ్ చేసి, ఫిల్టర్ వద్ద, పంపు వద్ద బుడగలు లేని డీజిల్ వచ్చువరకు గాలి తీయవలెను.

అయితే అన్ని పంపులకు ఒకే శాస్త్రము వర్తించదు. కమిన్స్ వారి పాత పి.టి. పద్ధతిలో పంపు పీడనమును మాత్రమే ఇస్తుంది. ఇంజక్షన్ వేళను నిర్ణయించేది క్యాంషాఫ్ట్ నడిపే ఇంజక్టరు. ఒక కంపెనీ ఇంజను నేర్చినవానిని మరొక కంపెనీ ఇంజను ముందు నిలబెట్టి, పుస్తకము కూడ ఇవ్వక, "నీవు మెకానిక్కువే కదా" అనుట న్యాయము కాదు.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన తరువాత ఈ అంతరము మరింత పెరిగినది. నేటి లారీలలో కామన్ రైల్ పద్ధతి వున్నది. లారీ టైరులో వుండే గాలి పీడనము ఏడెనిమిది బార్లు. ఈ రైలు గొట్టములో డీజిల్ పీడనము 1600 నుండి 2000 బార్ల వరకు, కొన్నింటిలో అంతకు మించి వుంటుంది. పాత ఇంజనులో నాజిల్ నట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టి గాలి తీసినట్లు ఇక్కడ చేయరాదు. ఇంజను ఆపిన తరువాత కూడ కంపెనీ చెప్పినంత సేపు ఆగి, పీడనము దిగిన పిమ్మటనే గొట్టమును ముట్టుకొనవలెను. కారుతున్న చోటును వ్రేలితో తడిమి చూచుట ప్రాణాంతకమైన అలవాటు. సన్నని డీజిల్ ధార చర్మమును సూది వలె చీల్చుకొని లోనికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించవచ్చును. లోపల కండ కుళ్ళి చేతినే తీసివేయవలసిన స్థితి రాగలదు. నొప్పి లేకపోయినా తక్షణము ఆసుపత్రికి చేర్చి, గాయములోనికి డీజిల్ పోయినదని వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను. కారుట పరీక్షించుటకు అట్టముక్క వాడండి, చేయి కాదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. పంపు ఎందుకు చెడుతుంది? దానిని అరగదీసేవి ధూళి, నీరు, కల్తీ. వర్షాకాలములో, సగము ఖాళీగా వున్న ట్యాంకులో రాత్రివేళ నీటి ఆవిరి చేరుతుంది. వాటర్ సెపరేటరు నీటిని ప్రతిదినము తీయకుంటే ఆ నీరు పంపుకు చేరి త్రుప్పు పట్టిస్తుంది. పంపులోని ప్లంజర్లకు కందెన వేరే లేదు, డీజిలే కందెన. కిరసనాయిలు కలిపిన డీజిల్‌లో ఆ జిగి వుండదు కనుక లోహము లోహమును తినివేస్తుంది.

ఈ కల్తీ వ్యాపారము ఎంత క్రూరమైనదో దేశమునకు తెలియనిది కాదు. ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్ కల్తీ బంకు మీద చర్య తీసుకొన్నందుకు 2005 నవంబరు 19న ఉత్తరప్రదేశ్ లఖింపూర్ ఖేరీ జిల్లాలో హత్యకు గురి అయినాడు. అదనపు కలెక్టరు యశవంత్ సోనావణేను 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ సమీపమున చమురు దొంగల ముఠా సజీవదహనము చేసినది. వారిద్దరు బంకు వద్ద, రోడ్డు మీద పట్టుకొనదలచిన దోషము చివరకు మన కార్ఖానా బల్ల మీదికి అరిగిన ప్లంజరు రూపములో వస్తుంది. దానిని మొదట చూచేవాడు మెకానిక్కు.

కనుకనే మేము నొక్కి చెప్పుచున్నాము: తీసిన పంపు చెత్త కాదు, సాక్ష్యము. దానిని విప్పి చూస్తే త్రుప్పు నీటిని చూపుతుంది, గీతలు ధూళిని చూపుతవి, మెరసిన అరుగుదల కందెన లేని డీజిల్‌ను అనుమానింపజేస్తుంది. కామన్ రైల్ ఇంజనులలో ఈ పరిశీలన మరింత అత్యవసరము. అధిక పీడన పంపు లోపల నలిగిపోతే ఆ లోహపు రజను రైలులోనికి, ఇంజక్టర్లలోనికి, తిరుగు గొట్టము ద్వారా ట్యాంకులోనికి చేరుతుంది. వాటిని శుభ్రము చేయక, అవసరమైనవి మార్చక, క్రొత్త పంపును మాత్రము బిగించుట విషపు బావికి క్రొత్త గిలక కట్టినట్లే. ఆ పంపు కూడ చెడుతుంది, మెమో కూడ వస్తుంది.

ఈ క్రమశిక్షణ మన రైల్వే కార్మికులకు క్రొత్త కాదు. 1964 నుండి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజనుకు పదహారు సిలిండర్లు. సిలిండరుకు ఒక పంపు చొప్పున పదహారు పంపులు. వాటిని విప్పి, కడిగి, టెస్ట్ బెంచి మీద పరీక్షించి, లెక్క వ్రాసి తిరిగి బిగించే విభాగములు డీజిల్ షెడ్లలో దశాబ్దముల పాటు నడచినవి. విద్యుదీకరణ పెరిగి నేడు కాజీపేట, గుత్తి వంటి డీజిల్ షెడ్లు కూడ విద్యుత్ ఇంజన్లను చూచుకొంటున్నవి. ఆ మార్పును మేము వ్యతిరేకించుట లేదు. కాని ఆ షెడ్లలో పండిన విద్యను పదవీ విరమణలతో పాటు ఇంటికి పంపివేయుట జాతికి నష్టము. ట్రాక్ మెషిన్ల విభాగములకు, తపాలా మోటారు కార్ఖానాలకు ఆ అనుభవజ్ఞులచేత శిక్షణ ఇప్పించవచ్చును.

మా కోరికలు గొంతెమ్మ కోరికలు కావు. ఒకటి, ఇంజను రకమును బట్టి పంపు మార్పుకు ఇద్దరు మనుషులను, తగిన వ్యవధిని నిర్ణయించవలెను. సాయంత్రపు టపాకు బండి కావలెనని టైమింగ్ పరీక్షను ఎగవేయించరాదు. రెండు, ధూళి లేని చోటు, మూతలు, టార్క్ రెంచి, కంపెనీ పుస్తకము, బి.ఎస్.-6 బండ్లకు స్కానరు సమకూర్చవలెను. ఆ పుస్తకములోని ముఖ్య భాగములు కార్మికుని భాషలో వుండవలెను. మూడు, బయట క్యాలిబ్రేషన్ చేయించిన పంపుతో పాటు పరీక్షా పత్రము రావలెను. నాలుగు, తీసిన పంపును, ఫిల్టర్‌ను, డీజిల్ నమూనాను పరిశీలించక ఏ కార్మికునికీ మెమో ఇవ్వరాదు. ఐదు, కాంట్రాక్టు కార్మికునికి కూడ అదే శిక్షణ, అదే రక్షణ వుండవలెను. డీజిల్ ధారకు పర్మనెంటు చేయి, కాంట్రాక్టు చేయి అనే భేదము లేదు.

హక్కులు అడిగే నోరు బాధ్యతను కూడ పలుకవలెను. బండి వేగము పెరుగుటకు గవర్నరు సీలు విప్పమని ఎవరు అడిగినా విప్పరాదు. పంపు దగ్గర కాటన్ వేస్ట్ వాడరాదు. పంపు మార్చి మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ఇంజను అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదము వున్నది కనుక, గాలి దారిని మూయుటకు ఒక బల్లను సిద్ధముగా వుంచుకొనవలెను. తెలియని ఇంజను వచ్చినప్పుడు "నాకు ఇది నేర్పలేదు" అని వ్రాతపూర్వకముగా చెప్పుట అవమానము కాదు; అది బండి నడిపేవాని ప్రాణమును, ప్రజల టపాను కాపాడుట.

రాబోవు శాఖా సమావేశములో ప్రతి యూనిట్ కార్యదర్శి ఈ ప్రశ్నలను అజెండాలో చేర్చవలసినదిగా కోరుతున్నాము. మీ కార్ఖానాలో గత సంవత్సరము ఎన్ని పంపులు మార్చినారు? వాటిలో ఎన్నింటికి కారణము వ్రాసినారు? ఎందరికి మెమోలు వచ్చినవి? ఈ మూడు అంకెలను ప్రక్క ప్రక్కన వ్రాసి అధికారుల ముందు వుంచండి.