తండ్రి వదలిన స్థలం, కొడుకు అడిగిన రుణం

వరంగల్ నుండి ఒక పి.జి. విద్యార్థి మాకు ఉత్తరం రాశాడు. తండ్రి మరణించి మూడేళ్లయింది. తల్లి, ఇద్దరు చెల్లెళ్ల పోషణ అతని మీదనే ఉంది. పెద్ద చెల్లెలు డిగ్రీ చదువుతోంది, చిన్నమ్మాయికి ఇంకా 14 ఏళ్లే. ఉదయం ట్యూషన్లు, పగలు కళాశాల, సాయంత్రం ఒక మందుల దుకాణంలో లెక్కల పని. అన్నీ కలిపి నెలకు 18 వేల రూపాయలు వస్తున్నాయి, అందులో 6 వేలు ఇంటి అద్దెకే పోతున్నాయి. తండ్రి కొన్న 160 గజాల స్థలం ఖాళీగా ఉంది. దానిని తనఖా పెట్టి 15 లక్షల గృహరుణం తీసుకోవచ్చునా? చదువుకుంటున్న వానికి బ్యాంకు ఇస్తుందా? ఇస్తే తీసుకోవడం ధర్మసమ్మతమేనా? మేనమామ గారు పూచీ ఉంటామని ధైర్యం చెబుతున్నారట.

మొదట బ్యాంకు సంగతి చూద్దాం. విద్యార్థికి రుణం ఇవ్వరాదని ఏ చట్టమూ చెప్పదు. 18 ఏళ్లు నిండినవారు ఒప్పందం చేసుకోవచ్చు. అయితే చాలా బ్యాంకులు గృహరుణానికి 21 ఏళ్లు నిండాలంటాయి. బ్యాంకు చదువును చూడదు, నిలకడగల ఆదాయాన్ని చూస్తుంది. జీతపు చీటీలు, రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, పాత అప్పులు తీర్చిన చరిత్ర అడుగుతుంది. ట్యూషన్ల సొమ్ముకు, దుకాణంలో చేతికిచ్చే జీతానికి ఈ కాగితాలు ఉండవు. అందుకే సంపాదన ఉన్న మరొకరిని సహరుణగ్రహీతగా తెమ్మంటారు.

ఒకవేళ ఇచ్చారనే అనుకుందాం. 15 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే నెలవారీ వాయిదా సుమారు 13,500 రూపాయలు. మొదటి నెల వాయిదాలో 11,250 రూపాయలు వడ్డీకే జమ అవుతాయి, అసలులో తగ్గేది 2,250 రూపాయలలోపే. 20 ఏళ్లలో చెల్లించేది 32 లక్షల 39 వేల వరకు తేలుతుంది. 18 వేల ఆదాయంలో వాయిదా పోగా మిగిలేది 4,500. ఇల్లు పూర్తయ్యేవరకు అద్దె ఆగదు కదా! వాయిదాలు 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆ తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు తీర్పు కోసం ఆగకుండానే బ్యాంకు ఆస్తిని స్వాధీనపరచుకునే చర్య మొదలుపెట్టవచ్చు.

ఇక ధర్మం సంగతి. అల్ బఖరా సూరాలో వడ్డీ నిషేధం ఎంత తీవ్రంగా ఉన్నదో మా పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. వడ్డీ తినేవానినే గాక, చెల్లించేవానిని, పత్రం రాసేవానిని, ఇద్దరు సాక్షులను కూడా దైవప్రవక్త (సఅసం) శపించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. మేనమామ గారు పూచీ సంతకానికి ముందు ఈ హదీసును తీరికగా చదవాలని మా మనవి. గృహనిర్మాణానికి వడ్డీ రుణాలు తగవని జెద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1990లో నిర్ణయించింది. 1999లో డబ్లిన్‌లో సమావేశమైన ఐరోపా ఫత్వా మండలిలో మెజారిటీ సభ్యులు అక్కడి ముస్లిములకు కొన్ని షరతులతో సడలింపు ఇచ్చిన మాట నిజమే. విదేశాల్లో చదివే పిల్లలున్న కుటుంబాల్లో ఈ ఫత్వా తరచు వినిపిస్తుంది. అది ఐరోపా పరిస్థితుల్ని ఎదుట పెట్టుకొని ఇచ్చినది, దానితో విభేదించిన విద్వాంసులూ ఉన్నారు. తలదాచుకునేందుకు అద్దె ఇల్లు ఉన్న వరంగల్ కుటుంబానికి దానిని అన్వయించడం మాకు సరిగా తోచదు. తల్లికి, చెల్లెళ్లకు నీడ కల్పించడం ఆ యువకుని బాధ్యత. ఆ నీడ సొంతదే కావాలని షరీఅత్ అతనిపై విధించలేదు. స్తోమతును బట్టే ఖర్చు చేయాలన్న సూత్రం అత్తలాఖ్ సూరా 7వ ఆయతులో ఉంది.

ఉత్తరంలో అడగని విషయం ఒకటుంది. మాకు అదే అన్నిటికంటే పెద్దదిగా కనిపించింది. ఆ 160 గజాలు ఎవరివి? తాత, నానమ్మ జీవించి లేరని, తండ్రి అప్పులేవీ మిగల్చలేదని ఉత్తరంలో ఉంది. ఆ లెక్కన తల్లికి ఎనిమిదో వంతు, అంటే 20 గజాలు. మిగిలిన 140లో కొడుకుకు 70, కూతుళ్లకు చెరి 35. అంటే సగానికి పైగా స్థలం అతనిది కాదు. పెద్ద చెల్లెలు ఇష్టపడి సంతకం చేయవచ్చు. చిన్నమ్మాయి మైనరు. మన దేశంలో అమలయ్యే ముస్లిం చట్టంలో తల్లి గాని, అన్న గాని తమంతట తాము మైనరు ఆస్తికి చట్టబద్ధ సంరక్షకులు కారు. కోర్టు అనుమతి లేకుండా ఆమె వాటాను తనఖా పెట్టినా చెల్లదు. అన్నిసా సూరా ఆరంభంలో అనాథల సొమ్ము గురించి వచ్చిన హెచ్చరిక పరాయి పిల్లలకే అని ఎందుకో చాలామంది అనుకుంటారు. తండ్రి లేని సొంత చెల్లెలు కూడా అనాథే.

మేనమామ గారికీ, చిన్నాన్నలు ఉంటే వారికీ ఒక మాట. అప్పుకు పూచీ పడే స్తోమత ఉన్నవారు ఆ అద్దెలో కొంత భరించలేరా? తల్లిదండ్రులకు, సొంత సంతానానికి జకాత్ ఇవ్వకూడదు గాని, పేద మేనల్లునికి, అన్న పిల్లలకు ఇవ్వవచ్చు. దానికి దానం చేసిన పుణ్యమూ, బంధుత్వం నిలిపిన పుణ్యమూ రెండూ లభిస్తాయి. స్థలానికి సొంతదార్లు గనుక ఈ కుటుంబం జకాత్‌కు అర్హులా కారా అన్నది స్థానిక ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాలి. జకాత్ కుదరకపోతే కానుకగా ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

అద్దె తప్పించుకోవడానికి కొందరు ఇల్లు భోగ్యానికి తీసుకోమంటారు. ఇంటి యజమానికి పెద్ద మొత్తం అప్పుగా ఇచ్చి, అది తిరిగి వచ్చేదాకా అద్దె లేకుండా ఉండటం. అప్పు మీద షరతుగా పొందే లాభం వడ్డీయేనని హనఫీ విద్వాంసులు అంటారు గనుక ఆ దారీ వద్దు.

తెలంగాణలో సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తున్నారు. అది అప్పు కాదు, వడ్డీ ఊసే లేదు. ఇల్లు మహిళ పేరిట మంజూరవుతుంది గనుక తల్లి దరఖాస్తు చేయాలి. 15 లక్షలతో ఊహించుకున్న ఇల్లు రాదు, రెండు గదులు రావచ్చు. పునాది తవ్వకముందే స్థలంలో ఎవరి వాటా ఎన్ని గజాలో కాగితం మీద రాసి, పెద్దల సంతకాలతో భద్రపరచండి. కట్టిన ఇల్లు తల్లి పేరిట ఉన్నా, చిన్నమ్మాయి 35 గజాలు ఆమెవేనని ఆ కాగితంలో స్పష్టంగా ఉండాలి. ఆమెకు 18 ఏళ్లు నిండిన రోజున దానిని ఆమె చేతికే ఇవ్వండి.