చవక జాయ్‌స్టిక్ నిజంగా చవకేనా?

దుర్గి: విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి శిక్షణ విమానాలు లేవడం చూసిన పల్నాడు కుర్రాళ్ళకు పైలట్ కావాలనిపించడం సహజం. అయితే ఇంట్లో కంప్యూటర్‌పై సాధనకు జాయ్‌స్టిక్, థ్రాటిల్ కొనేవారు ధరనొక్కటే చూడరాదు.

చవక రకాల్లో సాధారణంగా ఉండేది పొటెన్షియోమీటర్. పాత రేడియోలో వాల్యూం తిప్పే భాగం వంటిదే. లోపలి కార్బన్ పట్టీ రాపిడికి అరిగినా, దుమ్ము పట్టినా, పిడి కదపకుండానే తెరపై విమానం ఒరుగుతుంది. లోపం తన చేతిదో, పిడిదో నేర్చుకునేవాడికి తెలియదు. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్‌లో ఈ రాపిడి లేదు. థ్రస్ట్‌మాస్టర్ టి.16000ఎం వంటి మధ్యతరగతి ధర జాయ్‌స్టిక్‌లోనూ ప్రధాన కదలికలకు దీన్ని అమర్చారు.

ఉలి విలువ కొన్న ధరలో లేదు, మొన నిలిచిన రోజుల్లో ఉందని దుర్గి శిల్పులకు ఒకరు చెప్పనక్కరలేదు. జాయ్‌స్టిక్‌కూ అదే లెక్క. సెన్సార్ ఏదో, గ్యారంటీ ఎన్నాళ్ళో అడిగి కొనడం వివేకం.