పింగళాచార్యునకు నాసా యోగ్యతాపత్రమేల?



"కంప్యూటరు వేదములలోనే ఉన్నది, సంస్కృతమే కంప్యూటరునకు ఉత్తమభాష యని నాసా అంగీకరించినది" అను సందేశము మా జూలూరుపాడు మొదలు అమెరికా వరకు సెల్‌ఫోనులలో సంచరించుచున్నది. విచారింపక దీనిని పదిమందికి పంపుట ధర్మసేవ కాదు, అసత్యప్రచారము.

దీనికి మూలమేమి? 1985లో నాసా పరిశోధనాకేంద్రమున పనిచేయుచుండిన రిక్ బ్రిగ్స్, ఎ.ఐ. మ్యాగజైన్‌లో ఒక వ్యాసము వ్రాసెను. వాక్యార్థమును కారకసంబంధములుగా విడదీసి చూపు మన వైయాకరణుల శాబ్దబోధపద్ధతి, యంత్రమునకు అర్థమును తెలుపుటకై ఆధునికులు కల్పించుకొన్న పద్ధతిని పోలియున్నదని ఆయన వాదము. అది ఒక పండితుని వ్యాసమే గాని సంస్థ తీర్మానము కాదు.

ఉన్న సంపదను చూడుడు. పింగళుని ఛందశ్శాస్త్రమున "నష్టము" అను ప్రక్రియ కలదు. ప్రస్తారములో వరుససంఖ్య తెలిసినచో, పట్టిక వ్రాయకయే ఆ వరుసలోని గురులఘువులను రాబట్టవచ్చును. సరిసంఖ్య యైనచో సగము చేసి లఘువు వ్రాయవలెను; బేసిసంఖ్య యైనచో ఒకటి కలిపి సగము చేసి గురువు వ్రాయవలెను. మూడక్షరముల ప్రస్తారమున 6వ వరుసను చూతము. 6 సరి: లఘువు, మిగిలినది 3. 3 బేసి: గురువు, మిగిలినది 2. 2 సరి: లఘువు. లఘువు, గురువు, లఘువు, అదియే జగణము! రెండే గుర్తులతో, తప్పిపోని నియమముతో సాగిన గణనమిది. దీనికి పరదేశపు యోగ్యతాపత్రమేల?

అయినను ఇది విద్యుద్యంత్రము కాదు. యంత్రమును నిర్మించినవారి శ్రమ వేరు. 1967లో హైదరాబాదున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసెను. ఆ సంస్థకు సారథి మన తెలుగువాడైన అయ్యగారి సాంబశివరావు గారు. సర్వము వేదములోనే సిద్ధముగా ఉన్నదన్నచో, అటు పింగళుని మేధ, ఇటు వీరి కృషి, రెండును వ్యర్థములే కావలెను.

"విశ్వాసము పెరుగుచున్నది గదా, దోషమేమి?" అందురు కొందరు. దోషమున్నది. ఈ మాట అబద్ధమని రేపు తెలిసికొనిన బాలుడు, ఉపనిషత్తు చెప్పిన ఆత్మతత్త్వమును కూడ అదే త్రాసులో తూచును. చదువు ముగించి ఇంటికేగు శిష్యునకు తైత్తిరీయమున ఆచార్యుడు చేయు మొదటి ఉపదేశము సత్యమునే పలుకుమని. ఆ ఉపదేశమును మీరి వేదమును పొగడుట వేదమునకే అపచారము.

కావున ఆ సందేశమును ఇకపై పంపకుడు. దానికి మారుగా మీ పిల్లలను కూర్చుండబెట్టి నాలుగక్షరముల ప్రస్తారమును, పదునారు వరుసలను, వారిచేతనే వ్రాయింపుడు. వంశగౌరవము వారి వ్రేళ్లకు తెలియును.

స్వస్తి.