మీట నొక్కినవాడేనా దోషి?
– కార్యాలయాలలో సైబర్ భద్రతా శిక్షణ: ఒక పరిశీలన –

"దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. పూర్వకాలపు దొంగ చీకటిలో గోడకు కన్నం వేసి వచ్చేవాడు. నేటి దొంగ పట్టపగలు, ముందు ద్వారం నుండే, మనలను పేరు పెట్టి పిలుస్తూ ఇ-మెయిల్ రూపంలో వస్తున్నాడు. తలుపు తీయవలసినవాడు ఉద్యోగి. కనుక ఉద్యోగికి శిక్షణ అవసరమన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. అది ఎటువంటి శిక్షణ కావాలన్నదే ప్రశ్న. పొరపాటు చేసినవానిని సిగ్గుపరచే శిక్షణ వలన పొరపాట్లు తగ్గవు, అవి దాగిపోతాయి. అడగడానికీ చెప్పడానికీ ధైర్యమిచ్చేదే అసలైన శిక్షణ అని నా అభిప్రాయం.

ముందుగా మనం నివసిస్తున్న ఈ కెనడా దేశంలో జరిగిన కొన్ని సంఘటనలను పరిశీలిద్దాం.

2017వ సంవత్సరంలో ఎడ్మంటన్ నగరంలోని మెక్‌యూవన్ విశ్వవిద్యాలయానికి, తమకు పనులు చేసే ఒక నిర్మాణ సంస్థ నుండి వచ్చినట్లుగా ఒక లేఖ వచ్చింది. తమ బ్యాంకు ఖాతా మారినదనీ, ఇకపై సొమ్మును క్రొత్త ఖాతాకు పంపవలసినదనీ దాని సారాంశం. సిబ్బంది ఆ విధంగానే మూడు విడతలుగా 1 కోటి 18 లక్షల డాలర్లు పంపారు. అసలు సంస్థవారు తమ సొమ్ము అందలేదని అడిగిన తరువాతనే మోసం బయటపడింది. అందులో చాలా భాగాన్ని విశ్వవిద్యాలయం తరువాత రాబట్టుకోగలిగింది. 2019లో సస్కటూన్ నగరపాలక సంస్థ కూడా ఇటువంటి మోసానికే గురై, 10 లక్షల 40 వేల డాలర్లను మోసగాని ఖాతాకు పంపింది. ఈ రెండు చోట్లా ఎవరూ గొప్ప సాంకేతిక విద్యను ప్రయోగించి యంత్రాలను ఛేదించలేదు. పాత ఫోను నంబరుకు ఒక్కసారి ఫోన్ చేసి "మీరు నిజంగా ఖాతా మార్చారా?" అని అడిగి ఉంటే ఆ పథకం అక్కడే ఆగిపోయేది.

2018 జూలైలో ఒట్టావా నగర కోశాధికారికి, నగర మేనేజరు పేరుతో ఒక లేఖ వచ్చింది. విషయం రహస్యంగా ఉంచవలసినదని కూడా అందులో ఉన్నది. ఆ లేఖను నమ్మి 97,797 అమెరికన్ డాలర్లు పంపడం జరిగింది. కొన్ని రోజులకు మరింత సొమ్ము కోరుతూ రెండవ లేఖ వచ్చేసరికి ఆ మేనేజరు అదే సమావేశంలో ఉన్నారు. ఆయనను అడగగానే గుట్టు రట్టయింది. 2019లో నగర ఆడిటర్ జనరల్ నివేదిక ద్వారా ఈ విషయం ప్రజలకు తెలిసింది. ఇక్కడ మోసగాడు ఆధారపడినది కంప్యూటర్ మీద కాదు. పై అధికారి మాటకు అడ్డు చెప్పకూడదన్న మన సహజమైన సంకోచం మీద.

ఈ విధంగా నమ్మదగిన లేఖతో ఎర వేసి లాగడాన్ని ఫిషింగ్ అంటారు. దీనిని ఎదుర్కొనడానికి సంస్థలు మొదట ఏడాదికి ఒకసారి గంటసేపు చిత్రాన్ని చూపి, చివర పది ప్రశ్నలు అడిగేవి. క్రమంగా నెలకొకటి చొప్పున చిన్న పాఠాలు వచ్చాయి. ఆపైన సంస్థయే తన ఉద్యోగులకు బూటకపు లేఖలు పంపి, ఎవరు మీట నొక్కుతారో లెక్కించే పద్ధతి ప్రబలింది. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం కెనడా సమాఖ్య గోప్యతా చట్టం చెప్పే బాధ్యతలలో ఒకటి. 2018 నవంబరు 1 నుండి, వ్యక్తులకు గణనీయమైన హాని కలిగించగల సమాచార చౌర్యాన్ని ప్రైవేటు సంస్థలు గోప్యతా కమిషనర్‌కు తెలియజేయవలసి ఉన్నది. అందువలన శిక్షణ జరిగినదని చూపే కాగితం ప్రతి సంస్థకూ ముఖ్యమైనది. కాగితం మీది శిక్షణ మనిషిలో మార్పు తెచ్చినదా అన్నది వేరే విషయం.

శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూశారు. జ్యూరిక్‌లోని ఇ.టి.హెచ్. పరిశోధకులు ఒక పెద్ద సంస్థలో 14,000 మందికి పైగా ఉద్యోగులను 15 నెలలపాటు పరిశీలించి, 2021లో తమ ఫలితాలను వెలువరించారు. మీట నొక్కిన వెంటనే పాఠం చూపే పద్ధతి వలన ఉద్యోగులు మరింత జాగరూకులు కాలేదనీ, కొంత ఎదురు ఫలితం కూడా కనబడినదనీ వారు తెలిపారు. అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య విభాగంలో 19,500 మందికి పైగా ఉద్యోగులపై 8 నెలలు జరిపిన పరిశోధన 2025లో ప్రచురితమైంది. శిక్షణ పొందినవారికీ పొందనివారికీ మధ్య సగటు భేదం 1.7 శాతం మాత్రమే. పాఠం తెరపైకి వచ్చిన సందర్భాలలో నాలుగింట మూడు వంతులు ఒక నిమిషంలోపే ముగిశాయి.

అయితే జ్యూరిక్ పరిశోధనలో ఒక ఆశాజనకమైన విషయం ఉన్నది. అనుమానం కలిగిన లేఖను తెలియజేయడానికి ఒక సులభమైన మీటను ఇచ్చినప్పుడు, ఉద్యోగులు త్వరగా తెలియజేశారు. నెలల తరబడి విసుగు చెందకుండా తెలియజేస్తూనే ఉన్నారు. అనగా మనిషి బలహీనత మాత్రమే కాదు, మంచి కావలివాడు కూడా.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి మనవి చేస్తాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట, మిగిలిన సెలవుల లెక్క అంటూ వచ్చిన ఒక లేఖను తెరిచాను. అది పరీక్ష. "మీరు విఫలులయ్యారు" అని తెరమీద ఎర్రటి అక్షరాలు కనబడ్డాయి. నలభై నిమిషాల పాఠం విధించబడింది. ప్రక్క బల్లవారు చూడకుండా తెర మూసివేశాను. మరి కొద్ది వారాలకు అనుమానాస్పదమైన మరొక లేఖ వచ్చింది. ఇదీ పరీక్షయే కాబోలని, మళ్ళీ నా పేరు ఏ జాబితాలోనూ ఎక్కరాదని, ఎవరికీ చెప్పకుండా చెరిపివేశాను. అది పరీక్ష కాదు. మా అంతస్తులోనే మరొకరు దానికి తమ పాస్‌వర్డ్‌ను సమర్పించుకున్నారు. నేను ముందే చెప్పి ఉంటే వారు తప్పించుకునేవారేమో! ఆ శిక్షణ నాకు నేర్పినది జాగ్రత్త కాదు, మౌనం.

2020 డిసెంబరులో అమెరికాకు చెందిన గోడాడీ సంస్థ, పండుగ కానుకగా 650 డాలర్లు ఇస్తున్నామని ఉద్యోగులకు ఒక బూటకపు పరీక్షా లేఖ పంపి, నమ్మినవారిని మళ్ళీ పాఠానికి కూర్చోమన్నది. మహమ్మారితో సతమతమవుతున్న రోజులలో అది ఎంత నొప్పి కలిగించినదో వేరే చెప్పనక్కరలేదు. విమర్శలు రాగా సంస్థ క్షమాపణ చెప్పుకొన్నది. యజమాని మాటనే నమ్మరాదని నేర్పిన తరువాత, ఉద్యోగి ఎవరి వద్దకు పోయి నిజం చెప్పుకుంటాడు?

ఈ విషయం ప్రవాసాంధ్రులకు మరింత దగ్గరిది. మన పెంపకంలో పెద్దలు చెప్పినదానికి ఎదురు ప్రశ్న వేయడం అమర్యాద. క్రొత్తగా వచ్చి, పని అనుమతి పత్రం మీద ఉద్యోగం చేస్తున్న మన యువతీయువకులకు పై అధికారి పేరుతో "వెంటనే చేయి, ఎవరికీ చెప్పకు" అన్న లేఖ వస్తే, మరల అడగడానికి ఎంత జంకుతారో మనకు తెలియనిది కాదు. తప్పు చేస్తే పరువు పోతుందన్న భయం దానికి తోడు. మరొక సంగతి: చాలా ఏళ్ళుగా శిక్షణలో "వ్యాకరణ దోషాలున్న ఆంగ్లం మోసానికి గుర్తు" అని బోధించారు. దీని వలన మన యాస గల నిజాయితీపరుని లేఖ అనుమానానికి గురైంది. కృత్రిమ మేధ చేత తప్పులేని ఆంగ్లం వ్రాయించుకునే మోసగానికి మర్యాద దక్కింది. 2024లో వెల్లడైన హాంకాంగ్ ఉదంతంలో, ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగి ఒకరు వీడియో సమావేశంలో తమ ఆర్థిక అధిపతిని, సహోద్యోగులను చూశామనుకొని 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపారు. తెరమీద కనబడినవన్నీ బూటకపు ముఖాలే. కంటికీ చెవికీ ఆనని మోసాన్ని అక్షర దోషాలు వెదికి పట్టుకోలేము.

కనుక సంస్థలకు నా సూచనలు మూడు. ఎందరు మీట నొక్కారన్నది కాక, ఎందరు ఎంత త్వరగా తెలియజేశారన్నది లెక్కించాలి. సొమ్ము లేదా ఖాతా మార్పు విషయంలో, ఎంత పెద్దవారి ఆదేశమైనా, ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవడం ఉద్యోగి హక్కుగా కాక విధిగా ప్రకటించాలి. అప్పుడు అడిగినవాడు అమర్యాద చేసినవాడు కాడు. తన పొరపాటును తానే వచ్చి చెప్పినవానికి శిక్ష ఉండరాదు. శిక్ష లేకపోతే అశ్రద్ధ పెరుగుతుందని కొందరి వాదన. తెలిసి నియమాన్ని ధిక్కరించినవారి సంగతి వేరు. అలసిన సాయంత్రం ఒక లేఖను నమ్మినవాని సంగతి వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టరాదు.

ఉద్యోగంలో నేర్చినదానిని మనం ఇంటికి కూడా తీసుకువెళ్ళాలి. పన్నుల శాఖ నుండి మాట్లాడుతున్నామని బెదిరించే ఫోన్లు మన ఇళ్ళలోని అమ్మానాన్నలకు వస్తూనే ఉన్నాయి. వారు మోసపోతే "అంతమాత్రం తెలియదా?" అని మందలించకండి. ఆ మందలింపు తరువాత రెండవసారి వారు మనకు చెప్పరు. వెంటనే బ్యాంకుకు, పోలీసులకు, కెనడా మోసాల నిరోధక కేంద్రానికి తెలియజేయడంలో ప్రక్కన నిలబడండి.

సామెతలోని కుక్క ఆరు నెలలు ఎందుకు ఆలస్యం చేసినదో మన పెద్దలు చెప్పలేదు. అంతకు ముందొకసారి అకారణంగా మొరిగినదని ఎవరైనా దానిని కొట్టి ఉంటారని నా అనుమానం.