ఫైళ్లు పంపు సాధనమును నమ్ముట యెట్లు?

విద్యార్థులారా! మీలో ననేకులు వినోదార్థము సొంత వెబ్‌సైటును నడుపుకొనుచు, ఛాయాచిత్రములను పాటలను ఒక కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరునకు బంపుకొనుచున్నారు. అందులకు వలయు సాఫ్టువేరు వెల లేకయే పెక్కు విధములుగా దొరకుచున్నది. వానిలో దేనిని నమ్మవలయును? పదిమంది వాడుచున్నారు గనుక మంచిదని కొందఱును, ఊరక వచ్చినది గనుక చెడ్డదని కొందఱును తలంతురు. ఈ రెండు తలంపులును సరికావని నా యభిప్రాయము.

మొదట విచారింపవలసినది మార్గము. ఎఫ్.టి.పి. యను పద్ధతిని 1971వ సంవత్సరమున మొట్టమొదట వ్రాసినవాడు అభయ్ భూషణ్. ఆయన కాన్పురు ఐ.ఐ.టి.లో జదివి, అప్పుడు అమెరికాలోని ఎం.ఐ.టి.లో నుండిన భారతీయుడు. ఆ దినములలో నెట్‌వర్కు మిక్కిలి చిన్నది. దొంగల భయ మంతగా లేదు. కావున నా పద్ధతిలో ఫైలే కాదు, పాస్‌వర్డు సహితము కార్డుమీది వ్రాతవలె దారిలోనివారు చదువుకొన వీలగునట్లు పోవును. 1995లో ఫిన్లాండు దేశమున టాటు యులొనెన్ అనునాతడు, తన విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలింపబడుట చూచి, ఎస్.ఎస్.హెచ్. అను రహస్యమార్గమును గల్పించెను. దానిపై నడచు ఎస్.ఎఫ్.టి.పి. అంటించిన కవరువంటిది. 2021లో క్రోము, ఫైర్‌ఫాక్సు బ్రౌజర్లు పాత ఎఫ్.టి.పి.ని పూర్తిగా విడిచిపెట్టినవి. మనమును విడుచుటయే మేలు.

మార్గము మంచిదైన చాలునా? చాలదు. ఫైల్‌జిల్లా పేరుగాంచిన సాధనము. దాని సోర్సు కోడు ఎల్లరును జూడవచ్చును. అయినను 2014 జనవరిలో, దాని దొంగప్రతులు పైకి అసలుదానివలెనే పనిచేయుచు, లోలోపల వాడువారి పాస్‌వర్డులను పరులకు జేరవేయుచున్నవని అవాస్ట్ సంస్థవారు వెల్లడించిరి. అవి తేనె పూసిన కత్తులు. వాని నందించినవి ఇతరుల వెబ్‌సైట్లు. కావున పేరును మాత్రమే గాక, అది వచ్చిన వాకిలిని గూడ పరీక్షింపవలయును. ఇదియే నేను ముఖ్యముగా జెప్పదలచినది.

పరీక్ష కష్టమైనది కాదు. సాధనమును దయారుచేసినవారి సొంత వెబ్‌సైటునుండియే తెచ్చుకొనుడు. వెదకినప్పుడు అన్నిటికంటె పైన గనబడు ప్రకటనను నొక్కకుడు. తయారుచేసినవారు ఎస్.హెచ్.ఏ. 256 అను గుర్తును ప్రకటించినచో, దానిని మీకు జేరిన ఫైలు గుర్తుతో బోల్చి చూడుడు; ఫైలులో నొక్క యక్షరము మారినను గుర్తు మారిపోవును. ఆ సాధనమునకు తప్పులు దిద్దిన క్రొత్త కూర్పులు నేటికిని వచ్చుచున్నవా యని విచారింపుడు.

ఫోనుల సంగతియు నిట్టిదే. మన దేశమున కోట్లమంది వాడిన షేర్‌ఇట్ యాపును, 2020 జూన్ 29న భారత ప్రభుత్వమువారు దేశభద్రతను కారణముగా జెప్పి, మఱి 58 యాపులతోగూడ నిషేధించిరి. వాడువారి సంఖ్య నమ్మకమునకు సాక్ష్యము కానేరదు. ఒకే వైఫైలోని ఫోనులమధ్య ఇంటర్నెట్టు లేకయే పంపుకొనుటకు లోకల్‌సెండ్ వంటి, సోర్సు కోడు దాచని సాధనములు గలవు.

“నేను సరదాకు నడుపుకొనువాడను, నాయొద్ద దొంగిలింప నేమున్న”దని కొంద ఱడుగుదురు. మీ పాస్‌వర్డు దొరకినవాడు మీ వెబ్‌సైటులో విషపు ఫైలు నుంచును. మిమ్ము నమ్మి వచ్చిన స్నేహితులు దానిని దించుకొందురు. మన యజాగ్రత్తకు పరులు మూల్యము చెల్లింపరాదు. కావున దించుకొనుటకు ముందు, ఎవరి వాకిటినుండి తెచ్చుకొనుచున్నామో యొక్క నిమిషము నిలిచి చూతము.